చిన్నతల్లి అత్త బాగుందంటే

గజపతినగరంలో చిన్నతల్లి అత్త ఒక ఆటని తిట్టిందంటే, ఆ ఆట తయారుచేసినవాళ్ళ ఇంట్లో పాయసం వండుకుంటారు. బాగుందందంటే మాత్రం పాపం, ఆ పూట వాళ్ళింట పొయ్యి వెలగదు.

తిరకాసుగా ఉందా? ఏమీ లేదు, మొదట్నుంచీ చెబుతాను వినండి.

ఆటలంటే కర్రాబిళ్ళా గోళీలూ కాదండోయ్. ఫోన్లో ఆడేవి, కంప్యూటర్లో ఆడేవి. ధనరాజ్ అని ఆవిడ మేనల్లుడొకడున్నాడు. బజారు వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వాడిదే. కొత్తగా వచ్చిన ప్రతి ఆటా ఆడి, అదెలా ఉందో చెబుతూ వీడియోలు పెట్టేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని, బొమ్మలిలా ఉన్నాయి, కథ అలా ఉంది, పదికి ఆరున్నర ఇస్తున్నానని తీర్పు చెప్పేవాడు. వాళ్ళమ్మ తప్ప ఎవరూ చూసేవారు కాదు. ఆవిడ కూడా మధ్యలో కునుకు తీసేది.

ఒకరోజు వాడు తుపాకుల ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మేనత్త ఉండబట్టలేకపోయింది. "ఒరే, ఎనకాలున్నాడ్రా! ఎనకాల! నీ కళ్ళు కాకులు పొడవా, ఎనక్కి తిరగరా!" అని అరిచి, ఫోను లాక్కుని తనే ఆడేసింది. శత్రువుల్ని వాళ్ళ ఏడు తరాలతో కలిపి కడిగేసింది. ఆ సందట్లో చేటలో చిక్కుడుకాయలన్నీ మేక తినేసింది. ధనరాజ్ ఆ వీడియో ఉన్నదున్నట్టు పెట్టాడు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా దాన్ని చూడని ఫోను లేదు.

అంతే, వాడి ఇస్త్రీ చొక్కా దండెం మీదకెక్కింది, అత్త తెరమీదకెక్కింది. ప్రతి శుక్రవారం సాయంత్రం 'అత్త తీర్పు'.

ఇప్పుడా తిరకాసు చెబుతాను. చిన్నతల్లి అత్త బాగున్నదాన్ని బాగుందని ఛస్తే అనదు. "బాగున్నదాన్ని బాగున్నాదంటే దిష్టి తగిలిపోద్దిరా. బాగునేనిదాన్ని బాగునేదంటే సేసినోలు ఏడుస్తారు. మనకేల ఆ పాపం?" అంటుంది. ఆవిడ పుట్టిన ఇంట ముద్దొచ్చే పిల్లని కాకిపిల్ల అనే పిలిచేవారు. గింజ బరువుకి వెన్ను వంగిపోయిన చేను గట్టు మీద నిలబడి, "ఏటి పంటమ్మా, పురుగు తినీసినాది" అని చెప్పుకునేవారు. బాగుందని పైకి చెప్పడం మర్యాద కోసం, అదీ పరాయివాళ్ళ దగ్గర.

కార్ల పందెం ఆట ఒకటి దేశాన్నంతా ఊపేస్తోందన్నారు. అత్త ఒక చుట్టు తిప్పి, "బాగున్నాది బాబూ. రంగులు బాగున్నాయి. రోడ్డు సుబ్బరంగా ఉన్నాది" అని ఫోను పక్కన పెట్టి గేదెకి కుడితి కలపడానికి వెళ్ళిపోయింది. ఆ ఆట పేరు ఇప్పుడు ధనరాజ్‌కే గుర్తులేదు. దెయ్యాల కొంప ఆట వచ్చింది. "దీని జిమ్మడిపోనూ! ఏ ఎదవ కన్నాడ్రా దీన్ని! గుండికాయ గొంతులోకొచ్చీసినాది. ఆడి సెయ్యిరిగిపోనూ! ఇంకోపాలి పెట్టరా!" అంది. పిల్లలు దానికోసం ఎగబడ్డారు. ఫుట్‌బాల్ ఆటలో ఈల ఊదేవాణ్ణి తిట్టిన తిట్లు కాలేజీ కుర్రాళ్ళు ఇప్పటికీ పాటలా పాడుకుంటున్నారు. వ్యవసాయం ఆటకైతే, "మంచోలు సేసినారమ్మా. అడిగినప్పుడల్లా వాన పడతన్నాది" అని చేతులు జోడించింది. వీడియో చూసినవాళ్ళంతా కింద 'ప్రగాఢ సానుభూతి' అని రాశారు. రంగురంగుల ఇటుకలు పేర్చే ఆటని, చేసినవాళ్ళ అమ్మగారి తరఫు వాళ్ళతో సహా శపించింది గానీ, దాన్ని ఇప్పటికీ కోళ్ళగూడు వెనకాల దాక్కుని ఆడుతూనే ఉంది.

ఇదంతా ఎవరూ విడమర్చి చెప్పలేదు. చూసేవాళ్ళకి అదే అర్థమైపోయింది. మన పెద్దమ్మలూ పిన్నమ్మలూ అలాంటివాళ్ళే కదా మరి.

అర్థం కానిది ఒక్క రాగసుధకి.

రాగసుధ విజయనగరం అమ్మాయి. వయొలిన్ మేష్టారు వేంకటాచలం గారి కూతురు. డిగ్రీలో ధనరాజ్ క్లాస్‌మేటు. ధనరాజ్‌కి క్లాస్‌మేటు కన్నా ఒక పిసరు ఎక్కువే, కానీ ఆ పిసరు వాడు ఇంతవరకూ నోటితో చెప్పలేదు. కంప్యూటర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం మానేసి, రెండేళ్ళు ముందుగదిలో కూర్చుని, పక్కన పిల్లలు వయొలిన్‌ని గీకుతుంటే ఓర్చుకుని, తనొక్కతే ఒక ఆట తయారుచేసింది. పేరు 'వడ్డన'. పెళ్ళి భోజనాల బంతి. వరసగా విస్తళ్ళు. మీ చేతిలో పులుసు బకెట్టూ గరిటే. ఒకడు అన్నం అంటాడు, ఒకడు పప్పు అంటాడు, ఒకావిడ నెయ్యేదంటుంది. వెనకాల మేష్టారి వయొలిన్ అంతకంతకీ జోరందుకుంటుంది. ఆట ఆదివారం బయటికి వస్తోంది. రెండేళ్ళ కష్టం. అది నిలబడితే తను నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ పాఠాలే.

ఆ అమ్మాయి అత్త వీడియోలు రెండో మూడో చూసింది. అవన్నీ తిట్లే. హడలిపోయింది. ఆటని ధనరాజ్‌కి పంపి, ఫోన్ చేసి మరీ బతిమాలింది.

"ధనూ, మీ అత్తగారి చేత తిట్టించకురా. నీకు దణ్ణం పెడతాను."

ఇక్కడే మనవాడు చెప్పేయొచ్చు కదా, తిడితేనే మంచిదని? చెప్పలేదు. రాగసుధ ఆట కాబట్టి అత్త కచ్చితంగా తిడుతుంది, ఈ పిల్ల ఏడుపు మొహం పెడుతుంది, అప్పుడు అసలు సంగతి చెబితే ఎగిరి గంతేస్తుంది, ఆ గంతు చూడాలని వీడి సరదా. సరదాకి పోతే కొంప కొల్లేరైంది.

గురువారం మధ్యాహ్నం అత్త కళ్ళజోడు పెట్టుకుని వసారాలో కూర్చుంది. ధనరాజ్ కెమెరా పెట్టాడు. అత్త ఆడుతోంది. తిట్టదేం? పప్పు వేసింది, పులుసు పోసింది. కిందపెదవి కొంచెం బిగించింది గానీ, నోరు మెదపదు. ఒక బంతి అయిపోయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు తీసింది.

"బాగున్నాది బాబూ. ఎవులు సేసినారు? పాపం, బాగా సేసినారు."

ధనరాజ్‌కి కాళ్ళ కింద గచ్చు జారిపోయింది. బాగుందనడమే చావు, దానికి తోడు 'పాపం' కూడానా!

"అత్తా, సరీగా సూడు. ఇంకోపాలి ఆడు."

"సూసినాను నాయనా. ఆకులు పచ్చగా ఉన్నాయి. పాట బాగున్నాది."

"ఏటి బాగునేదో సెప్పు!"

"అన్నీ బాగున్నాయంటన్నాను కదేటి?" అని లేచి, కళ్ళాపికి పేడ తేవడానికి దొడ్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఇది పైకెక్కిందంటే ఆదివారానికి రాగసుధ ఆటని మోసే నలుగురు కూడా దొరకరు. పెట్టడం మానేద్దామా అంటే, ఆ పిల్ల ఇప్పటికే ఊరంతా చెప్పుకుంది అత్త తీర్పులో వస్తోందని. ధనరాజ్ గోళ్ళు కొరికాడు, తల గోక్కున్నాడు, చివరికి వాడి బుర్రలో దరిద్రపు ఆలోచనొకటి మొలిచింది.

చిన్నతల్లి అత్తది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళకి అలవాటే. మధ్యాహ్నం చుట్ట పడకపోతే ఆవిడ మనిషి కాదు. వీడేం చేశాడంటే, చుట్టల కట్ట తీసి పాత టీవీ వెనకాల దాచేసి, కెమెరా ఆపకుండా తలుపు చాటున నిలబడ్డాడు.

"ఎవుడ్రా తీసినాడు!" మొదలైంది. "ఆడి సేతులు పుచ్చిపోనూ! ఇంత పని సేస్తాడా! ఆడి కడుపు కాలిపోనూ! నానొదల్తానేటి? పొద్దు గూకిపోయినా ఒదల్ను. మల్లీ మల్లీ వస్తాను, దీని అంతు సూస్తాను!"

ఆహా! ధనరాజ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ తిట్లన్నీ ఏరి, పక్కింటి తులసక్క జవాబులు కత్తిరించేసి, 'వడ్డన' ఆడుతున్న అత్త బొమ్మకి అతికించాడు. 'ఇంత పని సేస్తాడా' దగ్గర నెయ్యి గిన్నె చూపించాడు. 'మల్లీ మల్లీ వస్తాను' దగ్గర తను ఆడిన రెండో బంతి. అబ్బో, దివ్యంగా కుదిరింది. చుట్టల కోసం తిట్టిన తిట్టని ఎవడూ పట్టుకోలేడు.

అత్త పట్టుకుంది. వీడియో పైకెక్కే ముందు తన చీర అంచు కనిపించిందో లేదో చూసుకోవడం ఆవిడకి అలవాటని ఈ తెలివైనవాడు మర్చిపోయాడు. సాయంత్రం దీపాల వేళ ఫోను తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చూసింది. ధనరాజ్ ఎదురుగా నిలబడ్డాడు. వీపు మీద చీపురుకట్ట పడుతుందనుకున్నాడు. పడినా బాగుండును.

"బాగున్నాది బాబూ," అంది అత్త నెమ్మదిగా. "బాగా సేసినారు. మీరు సదువుకున్నోలు కదా."

మీరు! పుట్టి బొడ్డు కోసిన నాటినుంచీ 'ఒరే' తప్ప ఎరగనివాడు. సచ్చినోడా అని లేపితేనే తెల్లవారేది వాడికి.

"అత్తా, తప్పయిపోనాది. నాలుగు తిట్టు. కొట్టు."

"మిమ్మల్ని నానేటి తిడతాను బాబూ? కూకోండి, అన్నం వడ్డిస్తాను."

పరుగెత్తుకెళ్ళి చుట్టల కట్ట తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. ఆవిడ దానివైపు చూడలేదు. "మీకాడే ఉంచండి" అని, తులసక్క దగ్గరకి వెళ్ళి ఒక చుట్ట అడిగి తెచ్చుకుంది. ధనరాజ్ సగం అన్నంలోనే లేచిపోయాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా తిడుతూ కూర్చున్న మనిషి ఆవిడ.

శుక్రవారం పొద్దున్నే వాకిట్లో స్కూటరు ఆగింది. రాగసుధ. భుజాన ల్యాప్‌టాప్ సంచీ, కళ్ళకింద నిద్రలేని చారలు.

"ఫోన్ ఎత్తవేంరా? ఏమైంది? తిట్టేశారా?"

వీడు నోరు తెరిచేలోపు అత్త ఎదురొచ్చింది. "రండమ్మా, రండి, కూకోండి. ఆ ఆట మీరు సేసిందేనా? చాలా బాగున్నాదమ్మా. ఎంత బాగా సేసినారో!"

రాగసుధ మొహం విప్పారింది చూడండి! గభాల్న అత్త చేతులు పట్టుకుంది. తర్వాత ఫోను తీసి నాన్నకి కలిపింది. "నాన్నా! బాగుందన్నారు! చాలా బాగుందన్నారు నాన్నా!" అవతల్నుంచి మేష్టారు "భేష్!" అనడం ధనరాజ్‌కి కూడా వినిపించింది. ఆ ఇంట్లో భేష్ అంటే భేషే, బాగాలేదంటే బాగాలేదే. అక్కడ అబద్ధాలకి తావు లేదు, శ్రుతి తప్పితే తప్పినట్టే. వీడికి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

"రాగా, ఒక్కమాట…" అన్నాడు.

"ఉండరా, ఇంకోసారి అననీ ఆవిణ్ణి."

"చాలా బాగున్నాదమ్మా" అంది అత్త మళ్ళీ, పాపం అడిగిందని.

భోజనం చెయ్యకుండా వెళ్ళనివ్వలేదు అత్త. ఇద్దరినీ ఎదురెదురుగా పీటలమీద కూర్చోబెట్టింది. వంకాయ అల్లం కూర, కందిపప్పు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, నువ్వుల పొడి. రాగసుధ సంతోషం మీద ఉందేమో, మొదటి వాయి గబగబా తినేసింది.

"ఇంకొంచెం పులుసమ్మా."

"చాలండి."

గరిటెడు పడింది. రాగసుధ నవ్వింది. తినేసింది.

"కూరేస్తాను."

"చాలండీ, నిజంగా చాలు."

కూర పడింది. దానిమీద నెయ్యి కూడా పడింది. రాగసుధ ఈసారి నవ్వలేదు. కంచం వైపు ఒకసారి, గరిటె వైపు ఒకసారి చూసింది. అత్త ధనరాజ్ వైపు తిరిగింది. "మీకేటి కావాల బాబూ?" వీడు చాలన్నాడు. పప్పు పడింది. మళ్ళీ చాలన్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి వీడు మాటే అనలేదు. రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టి, దాని మీదకి వంగిపోయాడు. అప్పుడు ఆగింది గరిటె.

రాగసుధ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తన ఆటలో ఎవరైనా చాలంటే అక్కడే ఆపేయాలి. ఆపితే మార్కులు. ఆపకుండా వేస్తే మార్కులు పోయి విస్తరి ముందు మనిషి మొహం మాడిపోతుంది. వాళ్ళింట్లో నాన్న చాలంటే అప్పడం ముక్క కూడా వెయ్యరు మరి. అదే లోకమనుకుంది ఆ పిల్ల.

అత్త మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"ధనూ," అంది రాగసుధ మెల్లగా. "మీ ఇంట్లో చాలంటే చాలు కాదు."

"ఊఁ."

"మరి బాగుందంటే?"

ధనరాజ్ మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాడు. గ్లాసు ఏం చెబుతుంది? తల దించుకున్నాడు. ఆ పిల్లకి అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త వచ్చి చూసి, "కూర కారమైనాదేటమ్మా?" అంటే తల ఊపింది. కారమే అయింది మరి.

చేతులు కడుక్కున్నాక దొడ్లో అరటిచెట్టు దగ్గర ధనరాజ్‌ని నిలేసింది. వీడు జరిగిందంతా కక్కేశాడు. తిట్లు, దిష్టి, సరదా, చుట్టలు, అతికించిన వీడియో, ఒక్కటి మిగల్చలేదు. రాగసుధ కొంగుతో కళ్ళు తుడుచుకుని వాడి మొహంలోకి చూసింది.

"చాలా మంచి పని చేశారండీ, ధనరాజ్ గారూ."

చచ్చాడు! ఒక్క రోజు తిరక్కుండా ఇద్దరు ఆడవాళ్ళ నోట 'మీరు' అనిపించుకున్న మొనగాడు మన జిల్లాలో వీడొక్కడే అయ్యుంటాడు.

రాగసుధ తిన్నగా అత్త దగ్గరకి వెళ్ళి ఎదురుగా కింద కూర్చుంది. "మీరు నన్ను తిట్టాలండీ" అంది.

"ఓలమ్మా! అదేటమ్మా?" అత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇంటికొచ్చిన పరాయింటి పిల్లని తిడతామేటి? తిట్టాలంటే మనిసి మనదవ్వాల."

ఆ మాట విని రాగసుధ లేచింది. తన ఎంగిలి కంచం తనే తీసి, అత్త వద్దు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా కడిగేసి బోర్లించింది. వద్దంటే వద్దు కాదని ఇందాకే నేర్చుకుంది కదా. అప్పుడు అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

మధ్యాహ్నమంతా అరుగు దిగలేదు. మధ్యమధ్యలో ధనరాజ్‌ని పిలిచి నేరస్తుణ్ణి అడిగినట్టు అడిగింది.

"ధనరాజ్ గారూ, ఎన్నో చాలు నిజం చాలండీ?"

"అది మనిసిని బట్టి. మా గంగరాజు మావకి నాలుగోది కూడా అబద్ధమే."

"పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి అయితే?"

"ఆయన వద్దు వద్దంటూ విస్తరి ముందుకు జరుపుతాడు."

ఆ పిల్ల ఫక్కున నవ్వబోయి, కోపం గుర్తొచ్చి ఆపుకుంది. ఒకరికి మూడో చాలు, ఒకరికి రెండు చేతులు, ఒకావిడకి తల అడ్డంగా ఊపుతూ కళ్ళతో పిలవడం, ఒక ముసలాయనకి త్రేన్పు. అన్నీ పెట్టింది. మాట విని కాదు, మనిషిని చూసి వడ్డించాలి. వెయ్యాల్సిన చోట ఆపితే మర్యాద తక్కువైందని అలిగి లేచిపోతారు. ఆపాల్సిన చోట వేస్తే పులుసు చేతిమీద పడుతుంది. బొమ్మలు అవే, పాట అదే, లెక్క ఒక్కటే తిరగబడింది.

పొద్దు వాలింది. అత్త పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి వసారాలో కూర్చుంది. పక్కన చుట్టల కట్ట ముట్టుకోనిది అలాగే పడుంది. రాగసుధ ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టి స్తంభాన్నానుకుని నిలబడింది. ధనరాజ్ కెమెరా పట్టుకున్నాడు.

"మల్లీ ఏలమ్మా? బాగు…" అని మొదలెట్టింది అత్త. ధనరాజ్ కళ్ళు మూసుకున్నాడు.

తెరమీద మొదటివాడు చాలన్నాడు. అత్త చెయ్యి అలవాటుకొద్దీ ఇంకో గరిటె వేసేసింది. వాడు ఇకిలించాడు. గంట మోగింది.

అత్త అన్న మాట సగంలోనే ఉండిపోయింది. కళ్ళజోడు సర్దుకుంది. రెండోవాడు చాలన్నాడు, వేసింది. మళ్ళీ చాలన్నాడు, వేసింది. వాడు చేతులు అడ్డం పెడుతున్నాడు, గరిటె వెళ్ళిపోయింది. పులుసు చేతిమీద! వాడు కెవ్వుమన్నాడు.

"ఓరి నీ జిమ్మడిపోనూ!"

ధనరాజ్ కళ్ళు తెరిచాడు.

"సెయ్యెప్పుడు పెట్టినావురా సచ్చినోడా? ఇందాక నేదు కదా! ఒరే, ఒరే, ఈ ముసిలోడు సూడు, వద్దంటాడు, ఆకు ముందుకి తోస్తాడు! నీ నాలిక తెగా, కావాలంటే కావాలనరా! ఓలమ్మో, ఆ ఎర్రకోక దానికి నెయ్యి మర్సిపోనాను, లేసిపోతన్నాది! కూకోయే, కూకో! నీ మొకం మండా, అలక సూడు దానికి! దీన్ని కన్నోలు ఎవులు? ఆలింట పిడుగు పడా! ఎవులికీ ఊపిరాడనివ్వరేటి?"

వంటింట్లో పాలు పొంగిపోయి, పొయ్యి ఆరిపోయి, మాడు వాసన వసారాదాకా వచ్చింది. ఎవరూ కదల్లేదు. మూడో బంతిలో పెరుగు వడ్డించలేక పెళ్ళివారంతా అలిగి లేచిపోయారు. అత్త రొప్పుతూ తలెత్తి, స్తంభం దగ్గర నిలబడ్డ రాగసుధని అప్పుడే చూసినట్టు చూసింది.

"ఒసే గుంటా!"

రాగసుధ ఉలిక్కిపడింది.

"బుద్ధున్నాదా నీకు? ఇంత బంతి పెట్టి ఒక్కదాన్నే వడ్డించమంటావేటి? నా నడుం ఇరిగిపోనాది! రెండేళ్ళు కూకుని ఇదా నువ్వు సేసింది? ఆ కళ్ళు సూడు, ఎలాగ గుంటలు పడిపోనాయో! ఎవులు సెప్పినారే నీకు నిద్ర మానుకోమని? దెయ్యం మొకందానా, ఇలారా. ఇంకోపాలి పెట్టు!"

రాగసుధ వచ్చి ఆవిడ పక్కన కూలబడి, భుజం మీద తల పెట్టేసి, ఏడుస్తూ నవ్వుతూ ఫోను తీసింది.

"నాన్నా! తిట్టారు నాన్నా!"

"ఎవరమ్మా? ఎందుకు తిట్టారు?" మేష్టారి గొంతు కంగారుపడింది.

"అబ్బ, ఎంత తిట్టారో! మనింట పిడుగు పడాలన్నారు! నన్ను దెయ్యం మొహందానా అన్నారు నాన్నా!"

"నువ్వు స్కూటరెక్కి ఇంటికొచ్చేయమ్మా" అన్నారాయన.

ధనరాజ్ కెమెరా దించాడు. నవ్వు వస్తోంది, లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది కూడా. ఆటకి తిట్లు పడ్డాయి, రాగసుధకి పడ్డాయి. వాడి వంతు రాలేదు. నిన్న సాయంత్రం నుంచీ 'మీరు' తప్ప ఇంకోమాట లేదు. వెళ్ళి పొయ్యి తుడుద్దామని లేచాడు.

అత్త కళ్ళు తెరమీదే ఉన్నాయి. నాలుగో బంతి కూర్చుంటోంది. ఒక చేత్తో పప్పు వేస్తూ, రెండో చెయ్యి పక్కకి చాపి, చూడకుండానే కట్టలోంచి చుట్ట ఒకటి లాగింది. పళ్ళతో కొస కొరికి ఊసింది. చెయ్యి మళ్ళీ నేలమీద తడిమింది.

"ఒరే సచ్చినోడా!"

ధనరాజ్ ఆగిపోయాడు.

"సుట్టలు తెచ్చినావు, అగ్గిపెట్టె ఏ గంగలో కలిపినావురా? బేగి తేరా, ఈ ముసిలోడు మల్లీ ఆకు తోస్తన్నాడు!"

"తెస్తన్నానత్తా!" అని వాడు పరిగెత్తిన పరుగుకి గడప తగిలి బొటనవేలి గోరు లేచిపోయింది. వెనకనుంచి రాగసుధ అరిచింది, "చూసుకుని నడవరా ఎద్దూ!"

వాడు కుంటుకుంటూనే వంటింట్లోకెళ్ళాడు. మాడిన పాలగిన్నె పక్కన అగ్గిపెట్టె తీసుకుని, మొహం తుడుచుకుని, మళ్ళీ వసారాలోకి పరిగెత్తాడు.